బానెట్ కింది సాక్ష్యం

1969 నాటి షెవర్లే కమారో ఒకటి పాత షెడ్డులో దొరికిందనుకుందాం. బానెట్ ఎత్తితే మసి, ఆయిలు జిడ్డు, వెలిసిపోయిన నారింజ రంగు ఇంజను. తలుపు తీస్తే కుట్లు ఊడిన వినైల్ సీట్లు, ఎండకు బీటలిచ్చిన డ్యాష్‌బోర్డు, కార్పెట్ కిందినుంచి ముక్కవాసన. ఇదంతా తుడిచిపారేయాల్సిన మురికా, దాచుకోవాల్సిన చరిత్రా? అమెరికాలో పాత మజిల్ కార్లను, అంటే మామూలు కారులో పెద్ద ఇంజను పెట్టి అమ్మిన బళ్లను, బాగుచేసేవాళ్లు ఈ ప్రశ్న దగ్గరే ఏళ్ల తరబడి రెండుగా చీలి ఉన్నారు. రెండు పక్షాల్లోనూ చేయి తిరిగిన పనివాళ్లు, ఆ కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లు ఉన్నారు కాబట్టి ఏ పక్షాన్నీ తేలిగ్గా కొట్టిపారేయలేం.

ముందు ఈ కార్ల పుట్టుక కాస్త తెలియాలి. పాంటియాక్ కంపెనీ 1964లో టెంపెస్ట్ అనే మధ్యతరహా కారులో 389 ఘనపుటంగుళాల ఇంజను పెట్టి, జీటీఓ అన్న పేరుతో అమ్మడమే ఈ ఒరవడికి మొదలని ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఆ తరహా కార్లలో ఇంజను 330 ఘనపుటంగుళాలు మించకూడదని మాతృసంస్థ జనరల్ మోటార్స్‌లోనే నియమం ఉండేది. జీటీఓను కొత్త మోడల్‌గా కాక, కొనేవాడు అడిగితే చేర్చే ఆప్షన్‌గా చూపించి ఆ నియమాన్ని దాటేశారు. పదేళ్లు తిరిగేలోగా కాలుష్య నియమాలు, పెరిగిన బీమా, 1973 చమురు సంక్షోభం కలిసి ఆ హడావుడిని సద్దుమణిగించాయి. వీటిని రాజాధిరాజుల కోసం చేయలేదు. కుర్రాళ్ల జీతాలకు అందే ధరలో, ఫ్యాక్టరీలో నిమిషాల లెక్కన బిగించి పంపారు. ఆ సంగతి మరిచిపోతే తర్వాతి వాదం అర్థం కాదు.

పూర్తిగా విప్పి కొత్తగా చేయాలనేవారి మాటలో బలం చాలా ఉంది. యాభై ఏళ్లు దాటిన వైరింగ్ మీది పూత పెళుసెక్కి, వంచితే పొడిపొడిగా రాలుతుంది. ఆనాటి పెట్రోలు గొట్టాల రబ్బరును ఇవాళ అమెరికా బంకుల్లో దొరికే పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు తినేస్తుంది. కారే పెట్రోలు, నిప్పురవ్వ వేసే తీగ, వేడెక్కిన ఇంజను ఒకేచోట ఉన్నప్పుడు చరిత్ర గురించి మాట్లాడటం కొంచెం విలాసమే అవుతుంది. కారు లోపలి సంగతీ అంతే. ఆనాటి కార్పెట్ల కింద జనపనార పరుపు వేసేవారు. అద్దం అంచులోంచి కారిన వాననీటిని అది పీల్చుకుని, ఏళ్ల తరబడి నేల రేకుకు తడిగుడ్డలా అంటిపెట్టుకుని ఉంటుంది. పైన కార్పెట్ బాగానే కనిపిస్తున్నా కింద రేకు జల్లెడ అయిపోతుంది. యథాతథంగా ఉంచడం కూడా ఒక నిర్ణయమేననీ, దానికీ నష్టం ఉంటుందనీ ఈ పక్షం గుర్తుచేస్తే కాదనలేం.

సీటు బెల్టు ఇంకో ఉదాహరణ. 1968 జనవరి నుంచి ముందు సీట్లకు భుజం బెల్టు కూడా ఉండాలని అమెరికా ప్రభుత్వం నిర్బంధించింది. కంపెనీలు దాన్ని నడుము బెల్టుతో కలపకుండా, విడిగా పైకప్పు అంచుకు వేలాడదీశాయి. వాడకం చిరాకు కావడంతో చాలామంది దాన్ని ముట్టుకోనేలేదు. పిల్లల్ని ఎక్కించుకుని తిప్పాలనుకునే యజమాని ఇప్పటి తరహా బెల్టు బిగించుకుంటే, అది అసలు కాదని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

అయితే అవతలి పక్షం చెప్పేది వింటే అంత సులువుగా రెంచీ చేతికి తీసుకోలేం. 1969 కమారో గుర్తింపు సంఖ్యను బట్టి అది వీ8 ఇంజనుతో వచ్చిందా, ఆరు సిలిండర్లతో వచ్చిందా అన్నది తెలుస్తుంది. కానీ అది ఖరీదైన ఎస్ఎస్, జడ్-28 రకాల్లో ఒకటా, మామూలు కారా అన్నది తెలియదు. ధరలో తేడా మాత్రం ఎంతో ఉంటుంది. దాన్ని తేల్చే ఆధారాలు మూడు నాలుగే. కుడివైపు సిలిండర్ హెడ్ ముందు ఇంజను దిమ్మ మీద చిన్న చదును జాగాలో కొట్టిన అక్షరాలు, అంకెలు ఒకటి. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య గోడకు రివెట్లతో బిగించిన చిన్న రేకు పలక ఒకటి. ఒహాయోలోని నార్‌వుడ్ ఫ్యాక్టరీలో ఆ మోడల్ ఏడాదిలో కొంతకాలం తయారైన కార్ల పలక మీద కారు రకాన్ని సూచించే, ఎక్స్‌తో మొదలయ్యే గుర్తు ఉంటుంది. కాలిఫోర్నియా వ్యాన్ నైస్ ఫ్యాక్టరీ కార్లకు ఆ గుర్తు ఉండదు. అదృష్టం బాగుంటే సీటు స్ప్రింగుల్లోనో, పెట్రోలు ట్యాంకు పైనో ఇరుక్కుపోయిన ఫ్యాక్టరీ కాగితం కూడా దొరుకుతుంది.

చూశారా, ఈ ఆధారాలు దాదాపు అన్నీ మనం శుభ్రం చేద్దామనుకున్న చోట్లలోనే ఉన్నాయి. ఇంజనును మెషిన్ షాపుకు పంపితే, హెడ్ సరిగ్గా కూర్చోవడానికి దిమ్మ పైభాగాన్ని కాస్త చెక్కి చదును చేస్తారు. పనిగా అది మంచి పనే. కాకపోతే ఆ చెక్కుడులో జాగా మీది అంకెలు కూడా పోతాయి. సీట్లు కుట్టేవాడు చివికిన స్పాంజితో పాటు ఆ కాగితాన్నీ చెత్తబుట్టలో వేస్తాడు. ఇద్దరిలో ఎవరికీ దురుద్దేశం లేదు. ఇద్దరూ చెప్పిన పని చెప్పినట్టు చేసినవాళ్లే. అయినా కారు జన్మపత్రిక పోయింది.

మెరుపు సంగతి మరీ చిత్రమైనది. షెవర్లే వాళ్లు ఇంజనును బిగించాక పిచికారీతో నారింజ రంగు కొట్టేవారు. తుంపరలు పక్క భాగాల మీద, గ్యాస్కెట్ల అంచుల మీద పడేవి. కమారోలో ఇంజను వెనక గోడ, పక్క రేకులు ఒక మోస్తరు మెరుపున్న నల్లరంగులో ఉండేవి. చాలా షెడ్లలో ఇప్పుడు వాటిని అద్దంలా మెరిపిస్తున్నారు, బోల్టులకు సైతం క్రోమ్ పూత పూస్తున్నారు. ఆ కారు ఏనాడూ అలా లేదు. దీనికి విరుగుడుగా పోటీల కోసం తయారుచేసేవాళ్లు, ఆనాటి తుంపరల్ని, తనిఖీదారులు గీసిన సుద్దగీతల్ని కూడా మళ్లీ వేస్తున్నారు. ఒక కార్మికుడి తొందరపాటును ఇన్ని నెలల శ్రద్ధతో అనుకరించడం చూస్తే మొదట నవ్వొస్తుంది. కానీ ఆ శ్రద్ధ వల్లనే ఏ బోల్టుకు ఏ పూత ఉండేదో, ఏ గొట్టానికి ఏ క్లాంపు వాడేవారో ఇవాళ నమోదై ఉంది. వాళ్లు ఆ వివరాలు నేర్చుకున్నది ఎవరూ ముట్టుకోని కార్లను చూసేనన్నది మాత్రం మరవకూడదు. పైగా అదే నైపుణ్యం తప్పుడు చేతుల్లో పడితే మామూలు కారు ఖరీదైన కారుగా మారిపోతుంది. కొత్తగా అచ్చుపోసిన విడిభాగాలు చిన్న యజమానికి వరమే, మోసగాడికి కూడా అంతే వరం.

ముట్టుకోకుండా ఉంచడమే మేలనేవారు తరచుగా ‘బులిట్’ సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన 1968 మస్టాంగ్‌ను చూపిస్తారు. 1974లో కొన్న కుటుంబం దాన్ని మామూలు బండిలా వాడుకుని, తర్వాత దాచిపెట్టింది. 2020 జనవరిలో ఫ్లోరిడా వేలంలో రంగు వెలిసి, సొట్టలు పడిన ఆ కారు రుసుములతో కలిపి 37.4 లక్షల డాలర్లు పలికింది. చిత్రీకరణ కోసం అడుగున బిగించిన కెమెరా పట్టీల ఆనవాళ్లు సైతం దానికి ఉన్నాయి. ఎవరైనా కొత్తగా చేయించి ఉంటే మొదట గ్రైండింగ్‌కు పోయేవి అవే. అయితే ఈ ఉదాహరణను ఎంతవరకు లాగవచ్చో కూడా చూడాలి. అది వెండితెర మీది కారు. ఎవరో గుమాస్తా ఆఫీసుకు నడిపిన ఆరు సిలిండర్ల కమారో తుప్పుకు ఆ విలువ రాదు. ఆ మస్టాంగ్‌ను కూడా నడిచేలా చేయడానికి యాంత్రిక భాగాల్ని బాగుచేయక తప్పలేదు.

ఖర్చు మాటకొస్తే ‘కౌపీన సంరక్షణార్థం’ కథే. ఇంజను వెనక గోడకు రంగు వేయాలంటే ఇంజను దించాలి. దించాక బోరింగ్ చేయించకపోతే ఎలా? గోడ ఖాళీ అయింది కదా, వైరింగ్ మారిస్తే సరి. వైరింగ్ కోసం డ్యాష్‌బోర్డు ఊడదీశాక పాత సీట్లు మళ్లీ పెట్టబుద్ధి కాదు. ఇలా మొదలై, సగం విప్పిన కార్లు అట్టపెట్టెల్లో భాగాలతో సహా చేతులు మారడం ఆ లోకంలో మామూలే. తాకకుండా వదిలేసిన కారు కన్నా, ఆశతో విప్పి బిగించని కారే ఎక్కువ నష్టపోతుంది.

1997 తర్వాత వచ్చిన తేలికపాటి ఎల్ఎస్ ఇంజన్లు, కొత్త బ్రేకులు, ఏసీ పెట్టి తిప్పుకునే మూడో వర్గం కూడా ఉంది. వాళ్ల కార్లు కనీసం రోడ్డు మీదికి వస్తాయి, అది చిన్న విషయం కాదు. కాకపోతే అందం కోసం గోడలోని పాత రంధ్రాల్ని పూడ్చి నున్నగా చేస్తే మళ్లీ వెనక్కి రాలేం. బోల్టులతో బిగించినదాన్ని మాత్రం విప్పేయవచ్చు. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య 2012లో ఆమోదించిన టురిన్ ఒడంబడిక దాదాపు ఈ తేడానే పట్టుకుంది. పురాతన కట్టడాల గురించిన 1964 వెనిస్ ఒడంబడిక దానికి మూలం. గుడుల జీర్ణోద్ధరణలో సున్నం కింద శాసనాలు కప్పబడిపోవడం చూసినవాళ్లకు ఈ బాధ కొత్తది కాదు.

నా మట్టుకు, కారు మొత్తానికి ఒకే సూత్రం పెట్టుకోవడంలోనే చిక్కుంది. ప్రాణానికి సంబంధించినవి, అంటే బ్రేకులు, పెట్రోలు గొట్టాలు, తీగలు, బెల్టులు మొహమాటం లేకుండా మార్చాలి, కుదిరితే పాత రూపంలోనే. సాక్ష్యం చెప్పే ముద్రలు, పలకలు, కాగితాలు ముట్టుకోకూడదు. మధ్యలో మిగిలిన రంగు, వినైల్, కార్పెట్ విషయంలో ముందు సబ్బునీళ్లతో కడిగి చూడాలి. జిడ్డు పోయాక అసలు రంగు ఎంత మిగిలి ఉందో కనిపిస్తుంది, అప్పటికి సగం నిర్ణయం దానంతటదే తేలవచ్చు. ఎప్పుడో ఎవరో ఒకసారి మొత్తం మార్చేసిన కారైతే ఈ జాగ్రత్తల్లో చాలావాటికి అర్థం ఉండదు. అక్కడ యజమాని ఇష్టానికి ఎక్కువ చోటివ్వవచ్చు.

డెట్రాయిట్ శివార్లలో ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఈ కార్ల ఊరేగింపు సాగుతుంది. ఆ చుట్టుపక్కల ట్రాయ్‌లోనో నోవైలోనో ఉద్యోగం చేస్తూ దాన్ని చూడబోయే మన ఇంజనీర్లలో ఎవరికైనా అలాంటి కారొకటి కొనాలనిపించి, కొన్నాక ఇంజనును మెషిన్ షాపుకు పంపాల్సి వస్తే, ముందుగా ఇంజను దిమ్మ మీది ఆ ముద్రను దగ్గరగా ఫోటో తీయండి. ఆ జాగాను చెక్కవద్దని పని చీటీ మీద రాయించండి.