శస్త్రచికిత్సానంతర బాధకు సూదివైద్యము

1971 జూలై మాసమున అమెరికా పత్రికారచయిత జేమ్స్ రెస్టన్ పెకింగు నగరమున నుండగా, మనవారు 24 గంటల నొప్పి యని చెప్పుకొను అపెండిసైటిస్ ఆయనను పట్టుకొనుటయు, అచ్చటి వైద్యులు శస్త్రచికిత్స చేయుటయు, ఆ వృత్తాంతమును ఆయనయే న్యూయార్క్ టైమ్స్‌లో ప్రకటించుటయు ఆక్యుపంక్చర్ అను సూదివైద్యము వైపు పాశ్చాత్యుల దృష్టిని మరల్చెను. మత్తుమందు లేకయే, సూదులు మాత్రమే గ్రుచ్చి ఆయన కడుపు కోసిరని నేటికిని చెప్పువారు కలరు. అది నిజము కాదు. కోతకు ముందు ఇచ్చినది మామూలు మత్తు ఇంజక్షనే. మరునాటి రాత్రి కడుపుబ్బి ఆయన బాధపడుచుండగా, కుడిమోచేతి వెలుపలను మోకాళ్ల దిగువను మూడు సన్నని సూదులు గ్రుచ్చి త్రిప్పి, ఒక మూలికను ముట్టించి దాని సెగను పొట్టకు సోకించిరి. గంటలోపల ఉబ్బరము సడలి, మరల రాలేదని ఆయన వ్రాసెను. ఒక్క రోగి పొందిన ఉపశమనము శాస్త్రనిర్ణయము కానేరదు. అయినను కోత ముగిసినదని చేతులు దులుపుకొనక, రోగి రాత్రిబాధను సయితము తమ బాధ్యతగా నెంచిన ఆ వైద్యుల శ్రద్ధ నాకు మిక్కిలి ఆదరణీయముగా తోచుచున్నది.

మన వార్డులలో నేటికిని వినవచ్చు మాట వేరు: "కోసిన తరువాత నొప్పి పుట్టదా, ఓర్చుకోవాలి." ఓర్చుకొనుమనుట చికిత్స కాదు. నొప్పికి జడిసి గట్టిగా ఊపిరి తీయని, దగ్గని రోగికి ఊపిరితిత్తులలో కఫము నిలిచి జ్వరము రావచ్చును. మంచము దిగనివానికి కాలిరక్తము గడ్డకట్టవచ్చును. మార్ఫిన్ జాతి మందులు నొప్పిని అణచును గాని, వాంతిని, మగతను, మలబద్ధమును వెంట తెచ్చును. ఆ మందుల మోతాదు కొంతయైన తగ్గించు ఉపాయమేది యున్నను దానిని త్రోసిపుచ్చుట న్యాయము కాదు.

అట్టి ఉపాయములలో సూదివైద్యమునకు స్థానము కలదని నా నిశ్చితాభిప్రాయము. సూదివలన ఎలుకలకు కలిగిన ఉపశమనము, మార్ఫిన్‌కు విరుగుడైన నలాక్సోన్ ఇచ్చినంతనే నశించుటను 1970 దశకమున కెనడా శాస్త్రజ్ఞుడు బ్రూస్ పోమెరాంజ్ చూపి, శరీరము తనలోనే విడుదల చేయు, మార్ఫిన్ వంటి ఎండార్ఫిన్లే దీనికి మూలమను ఊహకు బలమిచ్చెను. 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణసంఘము శస్త్రచికిత్సానంతరపు వాంతులకును, పంటి ఆపరేషను పిమ్మటి నొప్పికిని ఇది పనిచేయునని అంగీకరించెను. వాంతులకు గ్రుచ్చు చోటు, ముంజేతి లోపలివైపున, మణికట్టు ముడుతకు రెండు మూడు వ్రేళ్లు పైగా, రెండు నరాల వలె కనబడు స్నాయువుల నడుమ నున్నది. కడుపుపై పచ్చికుట్లుండగా వాంతి చేసికొన్నవారికి ఆ చిన్న సూది విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 2008లో 15 పరీక్షలను కూడదీసి చూచిన ఒక సమీక్షలో, సూదులు పొందినవారికి నొప్పియు, మార్ఫిన్ జాతి మందుల అవసరమును తగ్గినట్లు తేలెను.

ఐతే తగ్గుదల స్వల్పమే. నిజపు సూదికిని, గ్రుచ్చినట్లు భ్రమింపజేయు సూదికిని అంతరము కొన్ని పరీక్షలలో అంతంతమాత్రము. కావున మందులు మాని సూదులనే నమ్ముకొనుమని ప్రచారము చేయువారు రోగులకు ద్రోహము చేయుచున్నారు. రక్తము పలుచబరచు మందులు వాడువారికి జాగ్రత్త వలయును. ఒకరికి వాడిన సూది మరొకరికి తగులరాదు. రొమ్ముపై లోతుగా గ్రుచ్చిన అజ్ఞుని చేతిలో ఊపిరితిత్తి చిల్లుపడవచ్చును.

శిక్షణ పొందినవారిని మత్తువైద్యుల పర్యవేక్షణలో నియమించి, రోగి సమ్మతితో, మందులకు తోడుగా మన బోధనాసుపత్రులు దీనిని పరీక్షింపవలెను. అంతకు ముందుగా, జ్వరమును నాడిని వ్రాయు చీటిలోనే, నొప్పి ఎంతయున్నదని రోగినడిగి పూటపూటకును వ్రాయుట ప్రతి వార్డులోను ఆరంభము కావలెను.