పెరటి దీపానికి పరాయి చేతులెందుకు?

జెద్దాలో పెరడున్న ఇల్లు దొరకడం అదృష్టమే. మన వారిలో ఎక్కువ మంది అపార్ట్‌మెంట్లలో కాపురం ఉంటారు. కాంపౌండులో చిన్న విల్లా దొరికిన కుటుంబం మొదట తలపెట్టే పని, ప్రహరీ గోడ పొడవునా రంగుల దీపాలు పెట్టించడం. పెట్టడం కాదు, పెట్టించడం. సాయంకాలపు తరగతిలో ప్రేరణార్థక క్రియలు నేర్చిన పిల్లలకు ఈ తేడా తెలుసు. మా అభ్యంతరమంతా ఆ చిన్న ప్రత్యయం మీదనే.

ఎవరి చేత పెట్టిస్తున్నారు? శుక్రవారం సెలవునాడు ఒక తెలుగు యువకుడు వస్తాడు. జగిత్యాల వాడో, నిజామాబాదు వాడో, కడప వాడో. ఏదో కంపెనీలో వైరింగు పనికి ఒప్పందం మీద వచ్చినవాడు. "తమ్ముడూ, ఒక్క గంట పని" అని ఇంటివారు ఆప్యాయంగానే పిలుస్తారు. అతడు మొహమాటపడి నిచ్చెన ఎక్కుతాడు. తన యజమాని వద్ద తప్ప మరొకరి వద్ద పని చేయడాన్ని అక్కడి కార్మిక చట్టం ఒప్పదు. చట్టం ఇరువురినీ తప్పు పడుతుంది. కానీ పట్టుబడితే పొట్టకూడు పోయేది అతనికే. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించరాదని ఆ దేశంలో నిబంధన ఉన్నది. మన పెరట్లోకి వచ్చి అది చూసే అధికారి లేడు. పిల్లలు చల్లని గదిలో నుంచి అద్దం గుండా అతణ్ణి చూస్తుంటారు.

ఈ దృశ్యం మారిషస్ తెలుగువారికి కొత్తది కాదు, మనం నిలబడిన చోటు మాత్రమే మారింది. 1834 నుంచి 1910 వరకు సాగిన ఒప్పంద కూలీల కాలంలో మన ముత్తాతలు అయిదేళ్ల కాగితం మీద వేలిముద్ర వేసి చెరుకు నరికారు. ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలీ కోత. "అందుకే కదండీ, మా పిల్లలు స్క్రూడ్రైవర్ పట్టనక్కరలేకుండా చదివించుకున్నాము" అని మాతో వాదించిన పెద్దలున్నారు. వారి గర్వాన్ని గౌరవిస్తాము, వాదాన్ని అంగీకరించము. ముత్తాతలు ఏడ్చినది సర్దారు కేకలకూ, కోసిన కూలికీ. చేతిపనిని వారు ఏవగించుకోలేదు. తోట నుంచి అలసి వచ్చి కూడా తమ వాకిట పందిరి తామే వేసుకున్నారు. రామభజనం నాడు ఏ దీపం చుట్టూ పాడుతూ ఆడతామో, ఆ దీపానికి నూనె పోసి వత్తి వేసేది నేటికీ ఇంటివారే. దానికి మనిషిని పిలిపించాలని ఎవరికైనా తోచిందా?

కరెంటు ప్రమాదం కదా, తెలిసినవాడు చేయడమే మేలు అన్న మాటలో సగం నిజమున్నది. జెద్దాలో ఆ సగం మరింత బరువైనది. పాత ఇళ్లలో 127 వోల్టుల పద్ధతి ఇంకా కనబడుతుంది. 230 వోల్టులకు క్రమంగా మారాలని ప్రభుత్వం 2010లో నిర్ణయించింది. పాత పద్ధతిలో 220 వోల్టుల సాకెట్టులోని రెండు తీగలూ కరెంటు తీగలే. ఒక తీగను మాత్రమే తెంపే స్విచ్చిని ఆపినా, దీపపు హోల్డరులో కరెంటు మిగిలే ఉంటుంది. మన దేశపు ప్లగ్గు అక్కడి సాకెట్టులో చక్కగా దూరినంత మాత్రాన రెండు ఇళ్లూ ఒకటే అనుకోరాదు. కాబట్టి గోడలోని వైరింగు, ఆరుబయటి సాకెట్టు, 30 మిల్లీ ఆంపియర్ల వద్ద తెగే రక్షణ స్విచ్చి, ఇవి అనుమతి గల సంస్థ పని. రసీదు తీసుకుని పూర్తి సొమ్ము చెల్లించండి. సెలవునాటి తమ్ముడు ఆ పనికీ తగడు, ఎందుకంటే అతనికి ఏమైనా జరిగితే బాధ్యత వహించేవారు ఉండరు.

సాకెట్టు తరువాతి భాగం మనది. నీరు చొరని అడాప్టరు కరెంటును 12 వోల్టులకు దించిన తరువాత, పెద్దలు పక్కన ఉండగా పదేళ్ల పిల్ల కూడా తీగ కలపవచ్చు. లెక్క అయిదవ తరగతిది: 24 వాట్ల దీపాల పట్టీని 12తో భాగిస్తే 2 ఆంపియర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను 20 మీటర్లు లాగితే దారిలో దాదాపు ఒక వోల్టు పోతుంది, చివరి దీపాలు మందగిస్తాయి. తీగ పొట్టిగానైనా ఉండాలి, లావుగానైనా ఉండాలి. ఎర్ర సముద్రపు ఉప్పుగాలి జెద్దాలో రాగి కొసలను త్వరగా తినివేస్తుంది. ఒట్టి టేపు చుట్టి వదలక, అతుకులను నీరు చొరని డబ్బాలో మూయవలెను. పెట్టె మీద ఐపీ 65 అని ఉన్న దీపాలే కొనండి. పెరట్లో వేపచెట్టు ఉంటే మేకు కొట్టకండి, వదులుగా కట్టండి. (జెద్దా పాత పట్టణంలో నసీఫ్ ఇంటి ముందున్నది కూడా వేపచెట్టే. ఒకప్పుడు ఊరంతటికీ అదొక్కటే చెట్టట. "చెట్టున్న ఇల్లు" అంటే అందరికీ తెలిసేదట.)

ఎంత వెలుగు కావాలన్నది అదే బలద్ వీధుల్లో చూసి నేర్చుకోవచ్చు. అక్కడి పగడపురాతి ఇళ్లకు రోషన్ అనే చెక్క జాలీ కిటికీలున్నాయి. అవి ఎండను చిన్న చిన్న ముక్కలు చేసి లోపలికి పంపుతాయి. ఆ పట్టణంలో నివసిస్తూ గోడకు ఫ్లడ్‌లైటు బిగించి పొరుగువారి పడకగదిని పట్టపగలు చేయడం మాకు మోటుగా తోస్తుంది. 2,700 కెల్విన్ల పసుపు వెలుగు, నేలవైపు తిప్పిన మూతలు, నడిచే దారికి నాలుగు దీపాలు చాలు. క్షణానికొక రంగు మారే పట్టీలను దుకాణంలోనే వదిలి రండి.

ఇక భాష సంగతి. మన తరగతిలో పిల్లలకు పండ్ల పేర్లు, పక్షుల పేర్లు వస్తాయి. బిగించు, వదులు చేయి, చుట్టు, ఒలుచు, కొస, ముడి, అతుకు అనే మాటలు రావు. పుస్తకం పట్టుకుని ఇవి ఎన్ని వారాలు చెప్పినా నిలవడం లేదు. నిచ్చెన పట్టుకున్న తాతయ్య "ఆ కొస ఇటివ్వమ్మా, ఇంకొంచెం వదులు చేయి" అంటే ఒక్క సాయంకాలంలో నిలుస్తాయి. కార్తికం నాటికి జెద్దా సాయంకాలాలు కొంత చల్లబడతాయి. అప్పుడు మొదలుపెట్టండి, వేసవిలో వద్దు.