ఇంటర్ పిల్లల సాయంత్రాలు ఎవరివి?

పరీక్షలు దగ్గర పడగానే మన సంఘాల్లో ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. ఆదివారం ఆరాధన ముగిశాక ఇంటర్మీడియెట్ పిల్లలు హాల్ టికెట్లు, పెన్నులు పట్టుకుని వేదిక ముందు మోకరిస్తారు. పాస్టర్ గారు వాళ్ల తలల మీద చేతులుంచి ప్రార్థిస్తారు. వెనుక నిలబడ్డ తల్లుల కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. మంచి ఆనవాయితీ, ఎవరూ మానొద్దు. కానీ ఏడాది పొడవునా సోమవారం నుంచి శనివారం దాకా ఆ పిల్లల సాయంత్రాలు ఎలా గడిచాయో అడిగేవారు మాత్రం సంఘంలో అరుదు.

‘మావాడు రాత్రి పదకొండు దాకా పుస్తకం ముందే ఉంటాడు అయ్యగారూ, ఒక్కటీ గుర్తుండటం లేదంటున్నాడు, ప్రార్థన చేయండి’ అని ఒక తల్లి అడిగింది. ప్రార్థన చేశాక ఆ కుర్రాడి సాయంత్రం సంగతి అడిగాను. కాలేజీ నుంచి ఐదున్నరకు వస్తాడు. టిఫిన్ తింటూ ఫోన్ పట్టుకుంటాడు. ఏడింటికి ఇంట్లో సీరియల్ మొదలవుతుంది, ఉన్నది ఒకటే గది. వారంలో ఒక రోజు కాటేజ్ ప్రేయర్, శుక్రవారం ఉపవాస కూడిక, శనివారం క్వయర్ ప్రాక్టీసు. తొమ్మిది దాటాక పుస్తకం తెరుస్తాడు. అప్పటికి ఒంట్లో శక్తి లేదు, కళ్లు మూతలు పడుతుంటాయి. తొమ్మిది నుంచి పదకొండు దాకా అతను పుస్తకం ముందు ఉన్న మాట నిజమే. పుస్తకం ముందు ఉండటం వేరు, చదవడం వేరు. ఆ కుర్రాడు బద్ధకస్తుడు కాడు, తెలివిలేనివాడూ కాడు. అతని సాయంత్రాన్ని తలా ఒక ముక్క తీసుకెళ్లాం. అందులో ఒక ముక్క సంఘానిది!

దానియేలును గురించి మనం ఎన్ని ప్రసంగాలు వినలేదు? సింహాల గుహ పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ అంతకు చాలా ముందే అతను బబులోనులో మూడేళ్ల కోర్సు చదివిన విద్యార్థి అన్న సంగతి మనకు గుర్తు రాదు. పరాయి భాష, పరాయి లిపి, పరాయి విద్య. దేవుడు జ్ఞానం ఇచ్చాడని ఆ గ్రంథమే చెబుతుంది, నిజమే. అయినా ఆ మూడేళ్లు కూర్చుని చదవవలసింది దానియేలే. తరువాతి కాలంలో అతని ప్రార్థనకు వేళలు నిర్ణయమై ఉన్నాయి, రోజుకు మూడుసార్లు. వేళ తప్పని మనిషి అతను. మన పిల్లలకు దానియేలు ధైర్యం నేర్పుతున్నాం, దానియేలు వేళలు నేర్పడం లేదు.

గుర్తుండకపోవడం గురించి ఒక మాట. 1885లో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల ముక్కలను తనే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నాడో తన మీద తనే లెక్క వేసుకున్నాడు. నేర్చినదానిలో ఎక్కువ భాగం మొదట్లోనే వేగంగా జారిపోతుందని, విడతలు విడతలుగా మళ్లీ నేర్చుకుంటే నిలుస్తుందని తేల్చాడు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు మరో ప్రయోగాన్ని ప్రచురించారు. ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులు నాలుగు విడతలూ చదివారు. మరి కొందరు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ పుస్తకం చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే నాలుగుసార్లు చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. తమకు బాగా వచ్చేసిందని ఎక్కువ ధీమా పడ్డది మాత్రం మొదటివాళ్లే!

మన పిల్లల చదువంతా ఆ మొదటి బాపతే. రంగురంగుల గీతలు గీసుకుంటూ అదే పేజీని నాలుగుసార్లు చదువుతారు. చదువుతున్నప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది. పుస్తకం మూసి తెల్లకాగితం మీద వీట్‌స్టన్ బ్రిడ్జి బొమ్మ గీసి సూత్రం రాబట్టమంటే రెండో లైను దగ్గర ఆగిపోతారు. అలా ఆగిపోవడం మంచిదే. ఎక్కడ రాదో తెలిసింది కనుక ఆ ఒక్కచోటే పుస్తకం తెరిచి చూసుకుంటే సరిపోతుంది. ఇది మార్చి నెలలో పరీక్ష హాల్లో తెలియడం కన్నా సెప్టెంబరులో ఇంట్లో తెలియడం ఎంత మేలు!

అరణ్యంలో ఇశ్రాయేలీయులకు మన్నా ఏ రోజుది ఆ రోజే కురిసేది. రేపటికని దాచుకున్నది పురుగు పట్టింది. చదువూ అంతే. ఆ రోజు కాలేజీలో చెప్పిన పాఠాన్ని ఆ రోజు సాయంత్రమే ఒకసారి చూడకుండా రాసుకున్నవాడికి అరగంట పని. వదిలేసి ఫిబ్రవరిలో ఎత్తుకున్నవాడికి అది కొత్త పాఠం. ఆరవ రోజున మాత్రం రెండింతలు ఏరుకోవాలి, విశ్రాంతి దినాన ఏరుకోవడానికి వెళ్లకూడదు. ఈ లెక్కను మన ఇళ్లలో అక్షరాలా వాడుకోవచ్చు. శనివారం సాయంత్రం కాస్త ఎక్కువ చదివితే ఆదివారం ఆరాధనలో కూర్చున్న పిల్లవాడికి కెమిస్ట్రీ రికార్డు గుర్తొచ్చి గుండె ఝల్లుమనదు. అందుకు క్వయర్ ప్రాక్టీసు శనివారం మధ్యాహ్నానికి జరగాలి మరి.

ఇక సాయంత్రాన్ని ఎలా అమర్చుకోవాలి? ఐదున్నరకు వచ్చిన పిల్లవాణ్ణి వెంటనే పుస్తకం పట్టమనడం దయలేని పని. స్నానం, ఏదైనా తినడం, వీధిలో అరగంట ఆట లేదా నడక. ఫోన్ మాత్రం వద్దు. అది అరగంటని మొదలై ఏడున్నర చేస్తుంది. ఆరుంపావుకు కూర్చోవాలి. కూర్చునే ముందు చిన్న చీటీ మీద ఆ సాయంత్రం పూర్తి చేయాల్సినవి మూడంటే మూడు రాసుకోవాలి. ‘ఫిజిక్స్ చదవాలి’ అని రాస్తే అది ఎప్పటికీ పూర్తికాదు. ‘నిశ్చిత సమాకలనంలో ఆరు లెక్కలు’ అని రాస్తే అవుతుంది. ఎవరికి ఏది బరువో దానితోనే మొదలుపెట్టాలి. ఎంపీసీ పిల్లలకు అది గణితమో ఫిజిక్సో అవుతుంది. ఇష్టమైన సబ్జెక్టుతో మొదలుపెట్టి కష్టమైనదాన్ని నిద్రమత్తు వేళకు నెట్టడం పిల్లల అలవాటు. పెద్దలమైన మనదీ అదే అలవాటు కాబట్టి వాళ్లను తిట్టడానికి లేదు. ముప్పావుగంట చదివి పది నిమిషాలు లేవాలి, మళ్లీ యాభై నిమిషాలు. ఎనిమిదింటికి భోజనం. ఎనిమిదిన్నరకు కుటుంబ ప్రార్థన. ఆ తర్వాత ముప్పావుగంట మాత్రం చదువు, అదీ తేలికైనది. ఇంగ్లిష్, తెలుగు వంటివి, లేదా పొద్దున కాలేజీలో చెప్పినదాన్ని పుస్తకం మూసి రాసుకోవడం. తొమ్మిదిన్నరకు రేపటి సంచి సర్దుకుని, పది లోపు పడుకోవాలి. ఫోన్ మాత్రం తల్లిదండ్రుల గదిలో ఉండాలి. తల్లిదండ్రుల ఫోన్లు కూడా అప్పటికి పక్కన పడితే పిల్లవాడికి ఇంకేమీ చెప్పనక్కరలేదు.

‘అంతేనా, రెండున్నర గంటలేనా?’ అని తండ్రులు అడుగుతారు. పగలంతా ఆ పిల్లవాడు తరగతిలో కూర్చునే వచ్చాడండీ! మోషే ఉదయం నుంచి సాయంకాలం దాకా తీర్పులు తీరుస్తూ కూర్చుంటే మామ యిత్రో చూసి, ఇలాగైతే నలిగిపోతావని హెచ్చరించాడు. ఎనభై దాటిన మోషేకు ఆ హెచ్చరిక అవసరమైనప్పుడు పదహారేళ్లవాడికి అక్కరలేదా? పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంస్థ 2016లో సిఫారసు చేసింది. పగలు నేర్చుకున్నది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. రాత్రి పదకొండున్నరకు పడుకోబెట్టి తెల్లవారుజామున నాలుగింటికి లేపే తల్లిదండ్రులు తమకు తెలియకుండానే పగటి చదువును తుడిచేస్తున్నారు. బదరీ వృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాకు దూత ముందుగా ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి తిండి పెట్టాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. మాట ఆ తర్వాత వచ్చింది. ఫలితాల రోజు వార్తలు చూసి గుండెలు బాదుకునే మనకు ఆ క్రమం తెలిసి ఉండాలి. హాస్టళ్లలో ఉన్న పిల్లల సాయంత్రం మన చేతుల్లో ఉండదు. కనీసం చేర్పించేటప్పుడు ఫీజుతో పాటు లైట్లు ఎన్నింటికి ఆర్పుతారని కూడా అడగాలి.

ఇంట్లో ఇంకొక అన్యాయం ఉంది, చెప్పక తప్పదు. అన్న ఇంటర్ చదువుతుంటే ఆ వేళకు ఇల్లంతా నిశ్శబ్దం. చెల్లి ఇంటర్ చదువుతుంటే అదే వేళకు అంట్లు తోమడం, నీళ్లు పట్టడం, తమ్ముణ్ణి ఆడించడం. మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుని నేర్చుకుంటుంటే మార్త పని గురించి ఫిర్యాదు చేసిన కథను మనం స్త్రీల కూడికల్లో ఎంత ఇష్టంగా చెప్పుకుంటాం! ఇంటికొచ్చి కూతుర్ని మాత్రం మార్తను చేస్తాం. ఆరుంపావు నుంచి ఎనిమిది దాకా ఆడపిల్లను పనికి పిలవకూడదని ఇంటి పెద్ద గట్టిగా చెబితే, ఆ ఇంట్లో అది ఆమెకు పెద్ద స్కాలర్‌షిప్పే.

కుటుంబ ప్రార్థన చదువుకు అడ్డం అనేవారితో నేను ఏకీభవించను. వేళకు మొదలై పదిహేను నిమిషాల్లో ముగిసే ప్రార్థన పిల్లవాడి సాయంత్రానికి ఆనుకునే గోడ లాంటిది. రోజు అక్కడ రెండుగా విడిపోతుంది, మనసు తేలికపడుతుంది. కానీ ఒకరోజు ఎనిమిదింటికి, ఒకరోజు పదింటికి, అతిథి వస్తే గంటన్నర సాగే ప్రార్థన వేరు. ప్రార్థన పేరుతో పిల్లవాడి మార్కులను దేవుని ముందు ఏకరువు పెట్టి మందలించే తండ్రులు కూడా ఉన్నారు. కళ్లు మూసుకుని ఉన్న ఆ పిల్లవాడికి అది ప్రార్థనగా వినిపించదు.

ఇప్పుడు సంఘం సంగతి. శ్రమదినాల కూడికలు, ఇంటర్ పరీక్షలు దాదాపు ఏటా ఒకదానిమీద ఒకటి పడతాయి. 2024లో భస్మ బుధవారం ఫిబ్రవరి 14న, ఈస్టర్ మార్చి 31న వచ్చాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటర్ పరీక్షలు ఆ నడుమనే జరిగాయి. నలభై రోజుల పాటు ఇంటింటా సాయంకాలపు కూడికలు, గుమ్మం ముందు సౌండ్ బాక్సులు, చివర భోజనాలు. పరీక్ష రాసే పిల్లవాడు రాకపోతే ‘లోకానుసారి అయిపోయాడు’ అని ఒక వ్యాఖ్యానం, వస్తే మార్కుల దగ్గర మరొక వ్యాఖ్యానం. డిసెంబరులో క్యారల్ రౌండ్లు తెల్లవారేదాకా సాగితే మర్నాడు తరగతిలో కునికేది కూడా ఈ పిల్లలే. ఇంటర్ పిల్లలున్న ఇంట్లో కూడిక మైకు లేకుండా ఏడున్నరకు ముగించవచ్చు, ఆ ఇంటి వంతు పరీక్షలయ్యాక పెట్టుకోవచ్చు. వాక్యం చెప్పేవారు గడియారం చూసుకోవచ్చు. ఇందులో భక్తికి ఏం తక్కువవుతుంది?

నిజానికి సాయంత్రపు చదువు మన సంఘాలకు కొత్త కాదు. రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో బడి పెట్టాడు. 1885లో గుంటూరులో లూథరన్ మిషన్ కళాశాల మొదలైంది. ఆ తరాల మిషన్ బోర్డింగుల్లో పెరిగినవారిని అడిగితే గంట కొట్టడం, ప్రార్థన, భోజనం, తర్వాత దీపం చుట్టూ స్టడీ అవర్ కథలుగా చెబుతారు. ఇళ్లలో పుస్తకం అన్నది ఎరుగని కుటుంబాల పిల్లలు ఉపాధ్యాయులుగా, నర్సులుగా, అధికారులుగా ఎదిగారంటే ఆ గంటకూ ఆ దీపానికీ అందులో వాటా ఉంది. వారి మనవలు నేడు ఒంటిగది ఇంట్లో సీరియల్ చప్పుడు మధ్య చదువుకోలేక తంటాలు పడుతుంటే, పక్క వీధిలో పాలరాతి గచ్చు వేసిన మందిరం వారంలో చాలా సాయంత్రాలు తాళం వేసి ఉంటోంది.

ఆ మందిరంలో ట్యూబులైట్లున్నాయి, ఫ్యాన్లున్నాయి, కుర్చీలున్నాయి. సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు తెరిచి, తాళం ఒక బాధ్యత గల పెద్దకు అప్పగిస్తే చాలు. పాఠం చెప్పనక్కరలేదు. సంఘంలో ఉన్న రిటైర్డ్ టీచరు ఒకరు పేపరు చదువుకుంటూ కూర్చున్నా పిల్లలు చదువుతారు. ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో వేయాలి. ఇతర మతాల పిల్లలు వచ్చినా రానివ్వాలి, వాళ్లకు కరపత్రాలు పంచకూడదు. ఆడపిల్లలను ఇంటికి చేర్చే పని యూత్ వాళ్లకు కాక తల్లులకే అప్పగించాలి. కరెంటు బిల్లు ఎవరు కడతారని కమిటీలో తప్పకుండా అడుగుతారు. కిందటి డిసెంబరులో నక్షత్రాలకూ సీరియల్ బల్బులకూ సౌండ్ సిస్టమ్‌కూ ఎంత ఖర్చు రాశారో కోశాధికారి పుస్తకంలోనే ఉంటుంది, ఒకసారి తెరిచి చూడమనండి.