పెరట్లో గుల్‌షబ్బో

పండ్ల చెట్టు నాటితే సదఖా అవుతుందని విన్నామనీ, పూల మొక్కలకు కూడా ఆ పుణ్యం ఉంటుందా లేక నీరు, సమయం రెండూ దుబారాయేనా అనీ సుల్తానాబాద్ సోదరి ఒకరు అడిగారు. ఇంటి వెనుక మిగిలిన పది గజాల మట్టికీ సిమెంటు వేయించాలని వారింటి పెద్దలు అనుకుంటున్నారట. ఆమె మాత్రం అక్కడ లిల్లీ గడ్డలు నాటాలని కోరుకుంటున్నారు.

ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తింటే అది అతనికి దానంగా నమోదవుతుందన్న హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనంగా సహీహ్ ముస్లింలో వచ్చిన దానిలో, ఆ మొక్క నుండి దొంగిలించబడినది కూడా దానమేనని ఉంది. తినడం అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయేవారు ఈ భాగాన్ని గమనించాలి. తన మందార పూలను తెల్లవారకముందే గోడ మీదుగా ఎవరో కోసుకుపోతున్నారని ఆ సోదరి ఫిర్యాదు కూడా చేశారు. ఆ పూలు ఏం చేసుకుంటారన్నది వారి లెక్క. ఆమె ఖాతాలో చేరవలసినది చేరుతూనే ఉంటుంది, ఇన్షా అల్లాహ్. ఎవరైనా సువాసన గల పువ్వు ఇస్తే తిరస్కరించవద్దని దైవప్రవక్త (సఅసం) చెప్పిన హదీసు కూడా సహీహ్ ముస్లింలోనే ఉంది. కనుక మా దృష్టిలో దుబారా అన్న మాట వర్తించేది పూలకు కాదు. వాన నీటిని భూమిలోకి ఇంకనివ్వని సిమెంటుకే అది ఎక్కువ వర్తిస్తుంది.

మనవైపు లిల్లీ అనీ, నేలసంపెంగ అనీ పిలిచే పువ్వే ఉర్దూలో గుల్‌షబ్బో. షబ్ అంటే రాత్రి, బూ అంటే వాసన. దీని పుట్టిల్లు మెక్సికో. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ రూపొందించిన శృంగార్, ప్రజ్వల్ వంటి ఒంటిరేకు రకాలు ఇంటికి మేలు. ముద్ద రకాలు చూపుకు బాగుంటాయి, పరిమళం మాత్రం ఒంటిరేకుదే.

నిమ్మకాయ కంటె కొంచెం చిన్నదైన గట్టి గడ్డను ఎంచి, మొన పైకి ఉండేలా రెండంగుళాల లోతున, జానెడు ఎడంగా మృగశిర కార్తెకు ముందే నాటాలి. రేగడి మట్టిలో నీరు నిలిస్తే గడ్డ కుళ్ళిపోతుంది. కనుక మడిని ఎత్తు చేసి ఇసుక, మాగిన పశువుల ఎరువు కలపాలి. రైస్ మిల్లుల ఊరిలో కుళ్ళిన ఊకకు కూడా కొరత ఉండదు. మూడు, మూడున్నర నెలలకు పూకాడ వస్తుంది. పూసిన తల్లి గడ్డ మళ్ళీ పూయదు. చుట్టూ పుట్టిన పిల్ల గడ్డలే తరువాత పూస్తాయి. పూలు అయిపోయాయని పచ్చని ఆకులను కోసివేస్తే ఆ పిల్లలకు ఆహారం అందదు.

ఇక నీటి సంగతి. దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ నీటితో, అంటే ముప్పావు లీటరుకు లోపే, వుజూ చేసేవారు. మన ఇళ్ళలో కుళాయి తిప్పితే బకెట్ పోతుంది! వుజూ చేసిన నీరు మళ్ళీ వుజూకు పనికిరాకపోయినా అది పరిశుద్ధమేనని హనఫీ ఫిఖ్హ్‌లో ఆచరణలో ఉన్న తీర్పు. దానిని మొక్కలకు పోయడానికి ఏ సంకోచమూ అక్కరలేదు. గల్ఫ్‌లోని కుమారులు తులిప్ గడ్డలు పంపుతామంటే మాత్రం వద్దనండి. వాటికి దాదాపు మూడు నెలల గట్టి చలి కావాలి. 2007లో తెరిచిన శ్రీనగర్ తులిప్ తోటకు ఆ చలి సహజంగా దొరుకుతుంది, మన ఎండలలో అవి నిలవవు.

ఒక హెచ్చరిక తప్పనిసరి. వాన లిల్లీ, ఎర్రని పెద్ద పూల అమరిల్లిస్ గడ్డలు విషపూరితమైనవి. అడవినాభి గడ్డ ప్రాణాలే తీస్తుంది. పాకే పిల్లలున్న ఇంట్లో అడవినాభిని అసలు పెంచకూడదు. బక్రీదుకు తెచ్చిన మేకలను ఈ మడుల దగ్గర కట్టకూడదు. ఎవరికీ హాని తలపెట్టవద్దన్నది మన ధర్మంలో మూలసూత్రం. ఆకులు పండి ఎండిన తరువాత తవ్వితీసిన గడ్డలను నీడలో ఆరబెట్టి, గుడ్డసంచిలో కట్టి, పైన పేరు రాసి ఎత్తున వేలాడదీయండి. వంటింట్లో ఉల్లిగడ్డల బుట్ట దగ్గర మాత్రం పెట్టకండి.