ఆ బొట్టు వెనక అలసట

తోట వైకుంఠం బొమ్మల్లోని ఆడవాళ్లు మనకి తెలిసినవాళ్లే. నుదుట రూపాయి కాసంత బొట్టు, ముక్కుపుడక, ఎర్రటి చీర, నిగనిగలాడే నల్లటి ఒళ్లు. 1942లో ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన ఆయన, చిన్నప్పుడు చూసిన అమ్మనీ ఊళ్లోని అమ్మలక్కల్నీ తలుచుకునే వీళ్లని గీశారు. పెళ్లిచూపుల్లో "పిల్ల కాస్త చామనఛాయ" అని గొంతు తగ్గించి చెప్పే మన ముందు ఆ నలుపునే అందంగా నిలబెట్టారు. అందుకు మనసారా దణ్ణం పెట్టాలి.

అయినా ఒక మాట అడగాలనిపిస్తుంది. వీళ్లు పొద్దస్తమానం ఇలా ముస్తాబై కూచున్నారా? నాట్లేసిన చేతుల పగుళ్లేవీ?

1988లో బి.నర్సింగరావు తీసిన 'దాసి' సినిమాకి కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు అందుకున్నదీ ఈయనే. దొర గడీలో నలిగిపోయిన ఆడమనిషి కథ అది. అంటే, తెలియక కాదు. జ్ఞాపకంలోని అలసటని తుడిచేసి, వాళ్లకి ఎన్నడూ దక్కని తీరికని ఊహలోంచి తెచ్చి ఇచ్చారేమో!

మా నాయనమ్మ ఫోటో ఒక్కటీ లేదు. తలుచుకుంటే పొయ్యి ముందు వంగిన వీపే గుర్తొస్తుంది. ముక్కుపుడక కుడివైపో ఎడమవైపో, ఎంత ఆలోచించినా తేలడం లేదు.