చేవ కర్రా? అతుకు చెక్కా?

స్లాబు ఇళ్లు వచ్చాక దూలాలు, వాసాల బెడద మన పల్లెలకు చాలావరకు తప్పింది. ఇంటికి కలప కావలసింది ఇక ద్వారబంధాలకు, తలుపులకే. తగాదా అంతా అక్కడే. టేకు ధర విని బేజారైన వారు పట్నం వెళ్లి ప్లైవుడ్ అతికిన ఫ్లష్ తలుపులు తెచ్చుకుంటున్నారు. ఒక వానాకాలం గడిచేసరికి అడుగు ఉబ్బి, పొరలు లేచి, గడియ పడడం లేదని వాపోతున్నారు. తప్పంతా అతుకు చెక్కదేనని పెద్దలు తేల్చేస్తున్నారు. అది సగమే నిజం.

పలుచని చెక్క పొరలను ఆరబెట్టి, ఒకటి నిలువుగా, మరొకటి అడ్డంగా జిగురుతో అతికించి ఒత్తితే ప్లైవుడ్. తడి తగిలితే ఏ చెక్కయినా వెడల్పునే ఉబ్బుతుంది, పొడవున దాదాపు మారదు. అందుచేత అడ్డపొర నిలువు పొరను పట్టి ఉంచుతుంది, పలక అంత సులువుగా వంకర పోదు. వేపమానును ఇవాళ కోయించి రేపు తలుపు చేయిస్తే ఆ గుణం ఎక్కడి నుంచి వస్తుంది? పూర్వం మాను కొట్టాక నెలల తరబడి నీడలో ఆరనిచ్చేవారు. ఇప్పుడు గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్నాక కోతమిల్లుకు పరుగెత్తుతున్నాము. టేకు పేరిట వస్తున్న లేత తోటల కర్రలోనూ చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. చెదలకు అది విందు భోజనం.

అయితే అతుకు చెక్క ప్రాణమంతా జిగురులో ఉంది. మెరైన్ ప్లైవుడ్‌కు ప్రమాణం ఐఎస్ 710. 72 గంటలు నీళ్లలో ఉడికించినా దాని పొరలు విడిపోరాదు. దుకాణంలో "వాటర్ ప్రూఫ్" అన్న మాట విని ఊరుకోకూడదు. ఫ్లష్ తలుపుకైతే ఐఎస్ 2202, ఐఎస్ఐ ముద్ర, సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూడాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. ఫోను తెలిసిన కుర్రవాణ్ణి వెంటబెట్టుకుపోతే సరి.

వడ్రంగి పని సంగతీ ఉంది. నేలకు తగలకుండా తలుపు అడుగున చిత్రిక పట్టి, ఆ అంచుకు రంగు వేయకుండానే బిగించేస్తున్నారు. ఇల్లు కడిగినప్పుడల్లా తలుపు నీరు తాగేది అక్కడే. బిగించకముందే పై అంచుకు, కింది అంచుకు ప్రైమరు, రంగు పట్టించాలి.

నా మటుకు, వాన కొట్టే వీధి తలుపుకు, గోడలో కూర్చునే ద్వారబంధానికి బాగా ఆరిన చేవ కర్రే మేలు. లోపలి గదులకు ముద్ర ఉన్న ఫ్లష్ తలుపు చాలు, ఖర్చూ కలిసివస్తుంది. స్నానాల గదికి పీవీసీ తలుపే నయం. బిల్లుపై కంపెనీ పేరు, ఐఎస్ నంబరు తప్పక రాయించుకోండి. తెల్లకాగితంపై అంకె వేసి ఇచ్చే దుకాణంలో కొనవద్దు.