మన హైస్కూలుకి సపోర్ట్ టీమ్ ఏదీ?

ఈ మధ్య ఎవరి నోట విన్నా పూర్వ విద్యార్థుల సమ్మేళనాలే. మాస్టార్లకి శాలువాలు కప్పడం, భోజనాలు, గ్రూప్ ఫొటో. చివర్లో బడికి ఏదో ఒకటి ఇచ్చి వస్తారు. ఆర్చి, స్టేజీ, సరస్వతి విగ్రహం, నీళ్ళ ప్లాంటు, లేదంటే ఆఫీసులో పక్కన పడేసిన పాత కంప్యూటర్లు. ఇవ్వడం తప్పని అనను గానీ, ఈ ఇచ్చే పద్ధతి మీద నాకు ఎప్పట్నించో ఒక గొణుగుడు ఉంది.

డెలివరీ అయ్యాక సపోర్ట్ లేని ప్రాజెక్టు ఏమవుతుందో మన ఐటీ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. క్లయింటుతో ఆ ఒక్క ముక్క మీద గంటలు గంటలు బేరాలాడతాం. అదే మన బడి దగ్గరికొచ్చేసరికి రిబ్బన్ కత్తిరించి బస్సెక్కేస్తాం.

2008 లో ఉమ్మడి రాష్ట్రంలో 5 వేల హైస్కూళ్ళకి కంప్యూటర్లు వచ్చాయి. ప్రైవేటు ఏజెన్సీలు ల్యాబ్ పెట్టి, ఐదేళ్ళు నడిపి, తర్వాత బడికి అప్పజెప్పాలన్నది ఒప్పందం. నేను ఆరో తరగతిలో చేరిందీ ఆ ఏడాదే. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో వారానికి రెండు పీరియడ్లు, ఒక్కో కీబోర్డుకి నలుగురం. చెప్పులు బయట విడిచి, గుళ్ళోకి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళం. మాకు నేర్పింది పక్క ఊరి డిగ్రీ కుర్రాడు. పెయింట్‌లో ఇల్లు గీయడం దగ్గర మొదలెట్టి, ఎక్సెల్‌లో మా మార్కుల యావరేజ్ మా చేతే కట్టించాడు. నేను తర్వాత ఇంజనీరింగ్‌లో కంప్యూటర్ సైన్సే తీసుకోవడంలో ఆ యావరేజ్ ఫార్ములా పాత్ర చాలా ఉంది.

2013 లో ఒప్పందం ముగిసింది. ఇన్‌స్ట్రక్టర్లు రోడ్డున పడ్డారు. మా బడిలో కంప్యూటర్లు అక్కడే ఉన్నాయి, యూపీఎస్ బ్యాటరీలు చచ్చిపోయాయి, గదికి తాళం పడింది. మా తర్వాతి బ్యాచ్‌లకి అది "కంప్యూటర్ల గది" అనే పేరు మాత్రమే. మెషీన్లు లేక ఆగిపోయిన చదువు కాదది, మనిషి లేక ఆగిపోయింది.

ఇప్పుడు సామానుకేం కొదవ లేదు. ఆంధ్రలో నాడు-నేడు మొదటి దశలోనే 15 వేలకు పైగా బళ్ళు బాగుపడ్డాయి. 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకి బైజూస్ పాఠాలు వేసిన ట్యాబ్‌లు ఇచ్చారు. 2024 జులైకల్లా ఆ బైజూసే దివాలా విచారణలో పడింది. నాడు-నేడు అయిన హైస్కూళ్ళలో గోడకి పెద్ద టచ్ ప్యానెళ్ళు కూడా వచ్చాయి. మా అక్క కొడుకు ఇప్పుడు అదే బడిలో తొమ్మిదో తరగతి. ప్యానెల్ మీద సైన్సు మాస్టారు గుండె బొమ్మ తిప్పి చూపిస్తే వాడు ఇంటికొచ్చి అరగంట చెప్పాడట. నెట్ పోయిన రోజున మాత్రం అది ఖరీదైన నల్లబల్ల. కేబుల్ లూజైందో, అప్‌డేట్ అడుగుతోందో చూసే మనిషి లేడు. మాస్టారు చూద్దామంటే ఆయనకి హాజరు యాప్‌లు, భోజనం ఫొటోలు. కొన్నాళ్ళు మరుగుదొడ్ల ఫొటోలు కూడా టీచర్లే తీశారు. (ఆ యాప్‌లు రాసింది మన సోదరులే. యూజర్ టెస్టింగ్‌కి ఒక్క పంతులమ్మనైనా కూర్చోబెట్టారా అని నా అనుమానం.)

ఇక మెగా పేరెంట్-టీచర్ మీటింగ్. 2024 డిసెంబర్ 7న రాష్ట్రంలో 44 వేలకు పైగా ప్రభుత్వ బళ్ళలో ఒకే రోజు పెట్టారు. ముఖ్యమంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూలుకి వెళ్ళారు. అమ్మలకి ముగ్గుల పోటీ, నాన్నలకి టగ్ ఆఫ్ వార్, అందరికీ కలిసి భోజనం. తిరునాళ్ళలా ఉందని మా ఆఫీసులో కొందరు నవ్వారు. నాకు నచ్చింది, ఎందుకంటే మా అక్క ఆ రోజు కూలిపనికి నాగా పెట్టి వెళ్ళింది. సాయంత్రం ఫోన్లో, "ఒరే, మాస్టారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడారురా. వీడికి లెక్కల్లో భిన్నాల దగ్గరే తేడా అంట" అంది. మా చిన్నప్పుడు అమ్మని బడికి పిలిచారంటే మేం ఏదో వెధవ పని చేశామనే. ఆవిడ గేటు దగ్గరే నిలబడి, చీవాట్లు తిని వచ్చేది.

ఆ ఒక్క రోజు సరే, మిగతా రోజులేంటి? బడి నడకలో తల్లిదండ్రులకి చోటు మనమేం కొత్తగా ఇవ్వక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టమే యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలంది. చట్టం ఎనిమిదో తరగతి వరకే గానీ, ఆ అమ్మలూ నాన్నలూ ఆ తర్వాత కూడా ఊళ్ళోనే ఉంటారుగా. హెడ్ మాస్టరు బదిలీ అయిపోతారు, కలెక్టరు మారిపోతారు, మనం రిటర్న్ టికెట్ బుక్ చేసుకునే వస్తాం.

మా 2013 బ్యాచ్ గ్రూపులో ఇప్పుడు 3 లక్షల ఆర్చి మీద చర్చ నడుస్తోంది. నా లెక్క చెప్తాను. ఊళ్ళోనే డిగ్రీ కంప్యూటర్స్ చదివి ఖాళీగా ఉన్న అమ్మాయో అబ్బాయో ఎవరైనా ఉంటారు. బడి విడిచాక రోజూ రెండు గంటలు ల్యాబ్ తెరిచి కూర్చోడానికి నెలకి 8 వేలు. ఏడాదికి 96 వేలు, మూడేళ్ళకి 2 లక్షల 88 వేలు. మిగిలిన 12 వేలు బ్యాటరీలకి. శనివారం ఒక గంట మనలో ఒకరు ఆ ప్యానెల్ మీదే వీడియో కాల్‌లో పాఠం చెప్పొచ్చు. హెడ్ మాస్టరు అనుమతి, కమిటీ తీర్మానం ఉండాలి. డబ్బు కమిటీ చేతుల మీదుగానే వెళ్ళాలి. మనిషిని ఎంచుకోవాల్సింది కూడా వాళ్ళే, మనం కాదు.

"అది ప్రభుత్వం చెయ్యాల్సిన పని కదా" అన్నారు. నిజమే, అడుగుదాం, అర్జీ కూడా పెడదాం. కానీ మా మేనల్లుడు ఆ అర్జీకి జవాబొచ్చేదాకా తొమ్మిదో తరగతిలోనే ఉండడుగా.

"మూడేళ్ళ తర్వాత?" అన్నారింకొకరు. ఇది మాత్రం అసలైన ప్రశ్న. 2013 లో జరిగింది సరిగ్గా అదే. నాకు తోచిన జవాబు, మా వెనక 2014 బ్యాచ్‌ని ఇప్పట్నించే ఇందులో కలపడం. వాళ్ళలో ఇద్దరితో మాట్లాడాను. ఒకడు సరేనన్నాడు, రెండోవాడు ముందు ఖర్చుల షీట్ పంపమన్నాడు. పంపాను.